నడకకు ముప్పై ఒక్క మార్కు

ఇంటర్లో వెయ్యికి తొమ్మిది వందల డెబ్బై ఒక్క మార్కులు తెచ్చుకున్న నీలవేణి ఎడమ కాలులో ఫెయిలయింది.

నోటీసు బోర్డు మీద అలాగే ఉంది. హాల్ టికెట్ నంబరు, పేరు, తండ్రి పేరు, అంగం, మార్కులు. 'అంగం' అన్న గడిలో ఎడమ కాలు. మార్కుల గడిలో ముప్పై ఒకటి. దాని పక్కన ఎర్రసిరాతో 'తప్పింది'.

నీలవేణి తండ్రి సత్తిరాజు ఆ వరుసను వేలితో రెండుసార్లు తడిమి చూశాడు. ఆయన గోగులంక రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. పాతికేళ్లుగా ధాన్యం బస్తాలు తూచి తూచి, అంకె కనబడితే దాని వెనక ఏదో ఒక బరువు ఉండే తీరుతుందని నమ్మడం అలవాటైపోయిన మనిషి.

"ముప్పై ఒకటేంటే అమ్మడూ? పెద్దాసుపత్రి డాట్రుగార్లు యాభై రెండు శాతం అని రాసిచ్చారు గదా. మిగతా ఇరవై ఒకటీ దార్లో ఎక్కడ రాలిపోయినట్టు?"

"తెలీదు నాన్నా."

తెలుసు. చెప్పడానికి సిగ్గేసింది. పరీక్షలో బాగా నడిచేసింది.

ఇందులో నీలవేణి తప్పు కొంత ఉంది గానీ, అసలు మొదలు మాత్రం విభిన్న ప్రతిభావంతుల విద్యా సహాయ మండలిలో ఉంది. నిరుటి దాకా ఆ మండలి పని చాలా మోటుగా సాగేది. నలభై శాతం వైకల్యం ఉన్నట్టు ఆస్పత్రి కాగితం తెచ్చిన పిల్లలకు డిగ్రీ ఫీజు, హాస్టలు ఖర్చు కట్టి పంపేసేవారు. ఆ తరువాత పరాంకుశం గారు డైరెక్టరుగా వచ్చారు.

పరాంకుశం గారు ముప్పై నాలుగేళ్లు పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. మనిషిని మనిషినుంచి వేరు చేయడానికి ఆయనకు తెలిసిన సాధనం ఒక్కటే. వంటమనిషిని కుదుర్చుకున్నా మనసులో నూటికి మార్కులు వేసేవారు. మండలి ఫైళ్లు తెరవగానే ఆయనకు రెండు సంగతులు కనిపించాయి. ఇక్కడా శాతాలే. ఇక్కడా నలభై దగ్గరే గీత. డిగ్రీ పాసవడానికి నలభై, సాయం అందడానికి నలభై. ఇంత చక్కగా కుదిరిన లెక్క ఊరికే కుదరదనీ, తనకు ముందున్న వాళ్లు పరీక్ష పెట్టడం మరిచిపోయి ఉంటారనీ ఆయన తేల్చుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "ప్రభుత్వమే వీరిని ప్రతిభావంతులని పిలుస్తుండగా ఆ ప్రతిభను నేటివరకు ఎవరూ కొలవకపోవడం విచారకరం. ఇకపై వైకల్యమునందు కనీసం నలభై మార్కులు సాధించినవారిని మాత్రమే ఉత్తీర్ణులుగా పరిగణించవలెను."

పరీక్ష మే నెలలో, పట్నంలో ఒక హైస్కూల్లో జరిగింది. గేటు దగ్గర పెద్ద బోర్డు. సెల్‌ఫోన్లు, కాలిక్యులేటర్లు, ఊతకర్రలు, వినికిడి మిషన్లు హాల్లోకి అనుమతించబడవు. చెప్పుల స్టాండు మనిషి వాటన్నిటినీ తీసుకుని ఇత్తడి టోకెన్లు ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఆ మూల ఊతకర్రలు చెరుకు గడల్లా పోగుపడ్డాయి. చెవులు వినబడని ఒక కుర్రాడిని పేరుపెట్టి మూడుసార్లు పిలిచి, పలకలేదు కాబట్టి గైర్హాజరు వేశారు. నీలవేణి పక్కన నిలబడ్డ సువార్త అనే పిల్లకు పుట్టుకతో చూపు లేదు. ఆమె చేతిలో అచ్చువేసిన ప్రశ్నపత్రం పెట్టి, చదువుకోవడానికి పదిహేను నిమిషాలు ఇచ్చారు.

"ఏముందే ఇందులో?" అని సువార్త గుసగుసగా అడిగింది.

"మాట్లాడకూడదు," అన్నాడు ఇన్విజిలేటర్. "ఇంకోసారి నోరు విప్పితే బుక్ చేస్తాను."

ప్రశ్నలు మూడు. ఇరవై అడుగులు నడువుము. మూడు మెట్లు ఎక్కుము. నేలమీది పెన్సిలు తీయుము. సిబ్బంది కొరత వల్ల కంటికీ చెవికీ వేరే పేపర్లు తయారు కాలేదు. అందరికీ ఒకటే పేపరు.

నీలవేణికి మూడేళ్ల వయసులో జ్వరం వస్తే, ఊళ్లో ఆరెంపీ వేసిన సూది నరానికి తగిలింది. ఆ కాలు అక్కడితో పెరగడం మానుకుంది. చిన్నప్పుడు ఒళ్లంతా ఊగిపోతూ నడిచేది. ఆరో తరగతిలో ఒకరోజు వెనకనుంచి ఎవరో తన నడకను అనుకరిస్తూ రావడం గోడమీద నీడల్లో చూసింది. రెండు నీడలూ ఒకేలా ఊగుతున్నాయి. ఏది తనదో ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయింది. ఆ సాయంత్రమే మిల్లులో ధాన్యం ఆరబోసే గచ్చు మీద నడక నేర్చుకోవడం మొదలుపెట్టింది. గచ్చు పలకల మధ్య గీత ఉంటుంది. ఆ గీత తప్పకుండా, భుజం కదలకుండా, పొట్టి కాలికి వేసుకునే మడమ ఎత్తు చెప్పు చప్పుడు చేయకుండా ఆరేళ్లు నడిచింది. పదో తరగతికి వచ్చేసరికి కొత్తవాళ్లు పోల్చుకోలేనంతగా కాలిని దాచేసింది. కాలు చేయాల్సిన పనంతా నడుము చేసేది. సాయంత్రానికి ఆ నడుము పట్టేసి మంచం మీద ముడుచుకుని పడుకునేది. ఆ ముడుచుకోవడం ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ చూడలేదు.

అలాంటి పిల్లని ముగ్గురు మనుషుల ఎదుట నిలబెట్టి, ఒకాయన పెన్సిలు పట్టుకుని మార్కులు వేస్తుంటే, నడవమన్నారు. ఎవరైనా మార్కులు వేస్తున్నారంటే చాలు, ఆమె ఒంట్లో ప్రతి నరమూ ఫస్టు రావడానికి సిద్ధమైపోతుంది. పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ నడవలేదు. పెన్సిలు వంగి తీసి, రెండు చేతులతో బల్లమీద పెట్టి, నమస్కారం కూడా చేసింది.

అందుకే ముప్పై ఒకటి. సువార్తకు పన్నెండు. చూపు లేకపోయినా నడక ఒద్దికగా ఉందని తగ్గించారు.

సత్తిరాజు కూతుర్ని వెంటబెట్టుకుని డైరెక్టరు గారి దగ్గరకు వెళ్లాడు. మండలి ఆఫీసు రెండో అంతస్తులో. ముప్పై నాలుగు మెట్లు. లిఫ్టుకు తాళం.

పరాంకుశం గారు పెద్ద బల్ల వెనక నిటారుగా కూర్చుని ఉన్నారు. ఫైలు అందుకోవడానికి మెడ తిప్పలేదు, కుర్చీనే తిప్పారు. కుడిచెయ్యి బల్ల అంచును వదలడం లేదు. నీలవేణి చూపు ఆ చేతిమీద ఆగిపోయింది. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. అలా పట్టుకోవడం ఆమెకు బాగా తెలుసు.

"ఆన్సరు బాగానే ఉందమ్మా," అన్నారాయన. "అడిగిన ప్రశ్నకు మాత్రం అది ఆన్సరు కాదు."

"యాభై రెండని కాయితం ఉందండి బాబుగారూ," అన్నాడు సత్తిరాజు.

"అది ఇంటర్నల్ అసెస్‌మెంటు. మీ ఆస్పత్రి, మీ డాక్టరు. ఇంటర్నల్స్‌లో మార్కులు ఎవరు తగ్గించి వేస్తారయ్యా? మాది ఎక్స్‌టర్నల్."

"సాయంత్రమైతే నడుం పట్టేసి మంచం దిగలేదండి పిల్ల. ఆయ్."

"పరీక్ష ఉదయం పదింటికి. అభ్యర్థి ప్రతిభ పరీక్షా సమయంలో బయటపడాలి. సాయంత్రం ఇంట్లో బయటపడితే దానికి మేము బాధ్యులం కాము." ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "నిరుత్సాహపడకమ్మా. సప్లిమెంటరీ ఉంది. జులై పన్నెండున. ఇరవై ఆరున ఫలితాలు. ఈసారి కష్టపడు."

ఇరవై ఆరునే కాలేజీలో ఫీజు గడువు, సాయంత్రం నాలుగింటికి. పట్నం కాలేజీలో బి.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో నీలవేణికి సీటు వచ్చింది. మండలి కాగితం చూపిస్తే సీటు ఆమెది. లేకపోతే జాబితాలో తరువాతి వాళ్లది. సత్తిరాజు మిల్లు జీతంతో కట్టేసే ఫీజు అయితే ఈ కథే ఉండేది కాదు.

అప్పటికే బస్టాండు ఎదుట కోచింగు సెంటరు వెలసింది. 'వైకల్యంలో వందకు డెబ్బై గ్యారంటీ' అని ఫ్లెక్సీ. నడిపేది వరప్రసాద్ సారు. నిరుటి దాకా అదే గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాడు. బోర్డుమీద 'గుడ్ మార్నింగ్' ఇంకా పూర్తిగా చెరగలేదు.

"ఎవరికి ఏముందో నాకు అనవసరం," అని మొదటిరోజే చెప్పాడాయన. "మెయిన్ పరీక్షలో పాసైన ముప్పై మంది నడకనీ స్టడీ చేసి, యావరేజ్ తీశాను. ఒకటి, రెండు, లాగు. ఒకటి, రెండు, లాగు. లాగు దగ్గర మొహంలో బాధ. ఎక్కువొద్దు, చింతపండు చప్పరించినట్టు. చాలు."

క్లాసులో ఇరవై ఎనిమిది మంది. చెవులు వినబడని కుర్రాడు, చేతివేళ్లు లేని అమ్మాయి, వెన్ను వంగినవాడు, సువార్త. అందరూ గోడ వెంబడి వరసగా ఒకటి, రెండు, లాగు. వినబడని కుర్రాడికి సారు నేలమీద కర్రతో తాళం కొట్టేవాడు. అదురు పాదానికి తెలిసేది. సువార్త రెండు రోజుల్లో అందరికంటే బాగా పట్టేసింది.

"ఒసే నీలవేణీ, నీ కాలు నిజంగా అవిటిదేనా, లేక సర్టిఫికెట్టు కోసం తెచ్చుకున్నావా?" అంది ఒకరోజు నవ్వుతూ. "నీకంటే నేనే బాగా కుంటుతున్నానన్నాడే సారు!"

"నీకేం, ఎవరు చూస్తున్నారో కనబడదు."

"అదేనే నా అడ్వాంటేజీ. నువ్వు మనుషుల్ని చూసి నడుస్తావు. నేను నేలని చూసి నడుస్తా."

నీలవేణికి మాత్రం రాలేదు. 'లాగు' అన్నప్పుడల్లా ఆరేళ్ల సాధన అడ్డుపడి భుజాన్ని నిలబెట్టేది. అబద్ధం కుంటు కుంటలేదు, ఎందుకంటే నిజం కుంటు లోపల ఎక్కడో గడియ వేసుకుని కూర్చుంది. సారు విసుక్కున్నాడు. "ఏంటమ్మా ఇది? ఇంత వీక్ స్టూడెంటుని నా సర్వీసులో చూడలేదు. కాలుండీ కుంటలేకపోతే ఎలా?"

జులై మొదటి వారంలో ఒక సాయంత్రం ఆమె మిల్లు గచ్చు మీదికి వెళ్లింది. ధాన్యం ఎత్తేశారు. కోడిపిల్లలు నాలుగు గింజలేరుకుంటున్నాయి. మడమ ఎత్తు చెప్పు విప్పింది. గీత మీద కాకుండా, గీతకు అవతల నిలబడింది. ఆరో తరగతిలో గోడమీద ఊగిన నీడను గుర్తుచేసుకుని ఒక అడుగు వేసింది. భుజం వాలింది. రెండో అడుగుకు నడుము వదులైంది. మూడో అడుగుకు ఒళ్లంతా పక్కకు ఊగి, మళ్లీ దానంతటదే సర్దుకుంది. ఎక్కడా నొప్పి లేదు. గచ్చు చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అవమానంగా ఉంది, హాయిగా కూడా ఉంది. రెండింటిలో ఏది ముందొచ్చిందో చెప్పలేకపోయింది. ఎవరినో ఇన్నేళ్లు గదిలో పెట్టి తాళం వేసి, వాళ్ల అన్నం తనే తిన్నట్టనిపించింది.

కాటా దగ్గరనుంచి సత్తిరాజు చూశాడు. పక్కనున్న జట్టుకూలీ ఏదో అనబోతే, "నువ్ బస్తా చూడెహె," అని కసిరాడు.

సప్లిమెంటరీలో ఆమె ఆ నడకే నడిచింది. ముగ్గురు మనుషులు, ఒక పెన్సిలు. ఈసారి ఎవరికోసమూ నడవలేదు. పెన్సిలు తీయడానికి వంగినప్పుడు ఎడమకాలు జారి, చెయ్యి నేలకు ఆనించింది. దాచలేదు. బయటికొచ్చి సువార్తతో, "నిజం రాసేశానే," అంది. సువార్త ఆమె భుజం తడిమి, "పిచ్చిదానా, గైడులో ఉన్నది రాయాలి గానీ," అంది.

జులై ఇరవై ఆరు మధ్యాహ్నం రెండున్నరకు ఫలితాలు అంటించారు. కోచింగు సెంటరు పిల్లలు ఇరవై ఏడుగురికీ డెబ్బై రెండేసి మార్కులు. ఇరవై ఏడు మంది ఒకేలా కుంటడం చూసి స్క్వాడు వాళ్లకు మాస్ కాపీయింగేమోనని అనుమానం వచ్చిందట గానీ, డైరెక్టరు గారు ఆ అనుమానాన్ని కొట్టేశారు. ఒకే సమాధానం అందరూ రాస్తే అది కాపీ ఎందుకవుతుంది, సరైన సమాధానమవుతుంది అన్నారు. ఆ ఒకే నడకను ప్రామాణికంగా తీసుకుని అక్కడికక్కడే కీ తయారుచేయించారు. కళ్లు లేనివాళ్లు పాసయ్యారు. చెవులు లేనివాళ్లు పాసయ్యారు. కాలు సరిగా లేని పిల్ల ఒక్కతే తప్పింది. నీలవేణికి మళ్లీ ముప్పై ఒకటి.

సత్తిరాజు అప్పటికే కాలేజీకి వెళ్లి ఉన్నాడు. "నేను కౌంటరు కాడ గుమాస్తా గారిని పట్టుకుని కూచుంటాను. నువ్వు కాయితం పట్టుకొచ్చెయ్," అని పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

నీలవేణి ముప్పై నాలుగు మెట్లూ ఎక్కింది. ఊగుతూనే ఎక్కింది. పైన ఎవరూ లేరు. గుమాస్తాలూ ప్యూనూ ఇరవై ఏడుగురి ఫొటోలతో ఫ్లెక్సీ కట్టడానికి కిందికి పోయారు. పరాంకుశం గారు ఒక్కరే బల్ల వెనక, మార్కుల రిజిస్టరు ముందు పెట్టుకుని, చెక్కిన పెన్సిలుతో కూర్చుని ఉన్నారు.

"చూశాను, నీ పేపరు నేనే చూశాను," అన్నారు ఆమె అడగకముందే. "కీలో ఉన్నది లాగుడు. నువ్వు చేసింది ఊగుడు. మూడో అడుగు దగ్గర భుజం వాల్చావు. అది సిలబస్‌లోనే లేదు."

"అది నా నడకండి."

"అక్కడే వచ్చింది తప్పు. పరీక్షలో సొంత కవిత్వం పనికిరాదు తల్లీ."

"నాలుగింటికి నా సీటు పోతుందండి. ఇప్పుడు మెట్లెక్కి వచ్చాను. కావాలంటే మళ్లీ దిగి ఎక్కుతాను. చూసి వెయ్యండి."

"పరీక్షా సమయం ముగిసిందమ్మా," అని ఆయన రిజిస్టరు ఆమె వైపు తిప్పబోయారు. పెన్సిలు దొర్లి నేలమీద పడింది.

గదిలో ఎవరూ లేరన్న ధైర్యంతోనో, ఎదుట ఉన్నది ఫెయిలైన పిల్లే కదా అన్న చులకనతోనో, పరాంకుశం గారు దానికోసం కుర్చీలోంచి వంగారు. సగం దాకా వంగి ఆగిపోయారు. నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. మొహం నల్లబడింది. పైకీ లేవలేరు, కిందికీ పోలేరు.

"ఊపిరి బిగబట్టకండి," అంటూ నీలవేణి బల్ల చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ నొప్పి దారి ఆమెకు తన ఇంటి దారంత తెలుసు. "వదలండి. మెల్లిగా. ఆ కాలు కాదండీ, ఇటు కాలు ముందుకు. నా భుజం మీద బరువు వెయ్యండి. వెయ్యండి, పరవాలేదు."

ఆయన వేశారు. కుడికాలి మీద నిలదొక్కుకుని, ఆయన్ని వెన్నెముక ఒక్కొక్క పూసే లేస్తున్నట్టు లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, నడుము వెనక ఫైళ్ల కట్ట ఒకటి దోపింది.

ఆయన ఊపిరి కుదుటపడేదాకా పక్కనే నిలబడింది.

"ఎన్నాళ్లనుంచండి?"

"ఆరేళ్లు," అన్నారు పరాంకుశం గారు. ఆ గొంతులో ఉత్తర్వు లేదు. "అందరికంటే ముందు వస్తాను. అందరూ పోయాక దిగుతాను. ఎవరికీ తెలీదు."

"నాకు మొదటిరోజే తెలుసండి. చెయ్యి చూశాను."

ఆయన తన చేతిని చూసుకున్నారు. కళ్లలో ఏదో కదిలింది. ఆ కదిలినదాన్నే పట్టుకుని నీలవేణి ఎదురుచూసింది. గోడగడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది.

"నా బరువు ఎంతో తెలుసా?" అన్నారాయన.

"తెలీదండి."

"డెబ్బై ఎనిమిది కిలోలు." ఆయన మొహంలో రంగు తిరిగి వస్తోంది. ఆయనలోని పరీక్షల అధికారి ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కి వస్తున్నాడు. "డెబ్బై ఎనిమిది కిలోల మనిషిని ఒంటిచేత్తో లేపావు. వంగావు, లేచావు, తిరిగావు. భేష్! మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నానమ్మా. కానీ ధర్మం ధర్మమే. ఇది నా కళ్లతో చూశాక నీకు ముప్పై ఒకటి ఉంచితే, మిగతా అభ్యర్థులకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఇరవై నాలుగు. అంతకంటే ఒక్క మార్కు ఎక్కువ వెయ్యడానికి నా అంతరాత్మ ఒప్పుకోదు."

రిజిస్టరు తెరిచి, ఆమె పేరున్న వరుస మీద వేలుపెట్టి, రెండో చెయ్యి చాచారు.

"ఆ పెన్సిలు ఇలా అందుకో."

నీలవేణి పెన్సిలును చూసింది. బల్ల కింద, ఆయన చెప్పుకు జానెడు దూరంలో, ఎర్రగా, కొత్తగా చెక్కిన మొనతో పడుంది. ఆయన్ని చూసింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. ముప్పై నాలుగేళ్లలో ఆ చేతికి ఎవరూ పెన్సిలు అందివ్వకుండా లేరు.

"సిలబస్‌లో ఉన్నదేనండి," అంది. "మూడో ప్రశ్న."

వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచింది. భుజం వాలింది, ఒళ్లు ఊగింది, సర్దుకుంది. ఆ ఊగుడును ఆయన చివరిదాకా చూస్తూనే ఉండాల్సి వచ్చింది, ఎందుకంటే మెడ తిప్పడానికి వీల్లేదు.

"అమ్మాయ్! పెన్సిలు... అమ్మాయ్!"

కాలేజీ మెట్లమీద సత్తిరాజు కూర్చుని ఉన్నాడు. ఆమె చేతుల వైపు చూశాడు. కాగితం లేదు.

"ఎంతొచ్చిందే?"

"ముప్పై ఒకటే నాన్నా."

"మళ్లీనా?" సత్తిరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పాతికేళ్లలో కాటా తప్పితే కాటానే తిట్టాను గానీ, ఏనాడూ బస్తాని తిట్టలేదమ్మడూ. పద."

లోపల కౌంటరు తలుపు మూసిన చప్పుడయింది. నాలుగు గంటలకు బి.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో ఆమె సీటు జాబితాలోని తరువాతి పేరుకు వెళ్లిపోయింది. తండ్రీ కూతురూ బస్టాండు దాకా నడిచారు. ఎక్కడా గీత వెతుక్కోకుండా ఆమె, ఆమె ఊగుడుకు తన అడుగు కలుపుతూ ఆయన.

మండలి రిజిస్టరులో నీలవేణి మార్కులు ఇంకా ముప్పై ఒకటిగానే ఉన్నాయి. వాటిని దిద్దాలంటే ఎవరో ఒకరు వంగాలి.